గంటకీ గంటకీ మధ్య

బడిలో మంచి వాతావరణం ఎలా వస్తుందని అడిగితే చాలామంది ప్రధానోపాధ్యాయులు మొదట పండుగల గురించి చెబుతారు. వార్షికోత్సవం, బాలల దినోత్సవం, సంక్రాంతి ముగ్గులు, ఈమధ్య కొత్తగా వచ్చిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్. ఇవేవీ తీసిపారేయదగ్గవి కావు. 2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. కూలిపని మానుకుని వచ్చిన తల్లికి బడిలో కుర్చీ వేసి కూర్చోబెట్టడం చిన్న విషయమేమీ కాదు. కానీ విద్యాహక్కు చట్టం ప్రకారం అయిదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 పనిదినాలు ఉండాలి. ఉత్సవాలూ మీటింగులూ అన్నీ కలిపినా వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. మిగిలినవన్నీ మామూలు రోజులు. బడి మీద పిల్లలకు ప్రేమ పుట్టినా, విరక్తి పుట్టినా ఆ మామూలు రోజుల్లోనే.

ఆ రోజుల్లోనూ పాఠం చెప్పే సమయం గురించి మనకు శిక్షణలున్నాయి, కరదీపికలున్నాయి, లెసన్ ప్లాన్లున్నాయి. పాఠం లేని సమయం గురించి అడిగేవాళ్లూ లేరు, చెప్పేవాళ్లూ లేరు. పిల్లవాడు గేటు దాటి లోపలికొచ్చేటప్పుడు, హాజరు పిలిచేటప్పుడు, పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడ్డప్పుడు, వారం రోజులు మానేసి మళ్లీ వచ్చినప్పుడు పెద్దవాళ్లు వాడితో ఎలా ఉన్నారో చూసి వాడొక సంగతి తేల్చుకుంటాడు. ఈ బడిలో నేను లెక్కలో ఉన్నానా, లేనా అన్నది. ఒకసారి లేనని తేల్చుకున్నాక ఆ నమ్మకాన్ని మార్చడం చాలా కష్టం. ఈ అధ్యాయమంతా ఆ క్షణాల గురించే.

గేటు దగ్గర మొదలుపెడదాం. అమెరికాలో 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో మాధ్యమిక తరగతుల ఉపాధ్యాయులు కొందరు తీసుకున్న శ్రద్ధ ఇంతే. పీరియడ్ మొదలయ్యే ముందు గుమ్మం దగ్గర నిలబడి, ఒక్కో పిల్లవాణ్నీ పేరు పెట్టి పలకరించి, ఒక మంచి మాటతో లోపలికి పంపడం. పిల్లలు పాఠంలో లీనమయ్యే సమయం 20 శాతం పాయింట్ల మేర పెరిగింది, తరగతిలో అల్లరి 9 శాతం పాయింట్లు తగ్గింది. మన బడుల్లో ఉదయం గేటు దగ్గర ఎవరో ఒకరు నిలబడటం కొత్త కాదు. ఆ నిలబడటం ఎందుకన్నదే ప్రశ్న. చాలాచోట్ల పీఈటీ సారు చేతిలో బెత్తంతోనో, విజిల్‌తోనో ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం కాచుకుని ఉంటారు. వేళకు వచ్చిన మూడొందల మందికి ఒక్క మాటా దక్కదు, లేటైన పదిమందికి మాత్రం తిట్లు దక్కుతాయి.

ఆలస్యంగా వచ్చిన పిల్లను ఒకసారి తీరిగ్గా అడిగి చూడండి. తమ్ముణ్ని అంగన్‌వాడీలో దింపి వచ్చి ఉంటుంది. కుళాయి వచ్చే వేళకు బిందెలు నింపి వచ్చి ఉంటుంది. షేర్ ఆటో నిండేదాకా డ్రైవరు కదిలి ఉండడు. ఇందులో ఏ ఒక్కటీ ఆ పిల్ల చేతిలో లేదు. అయినా గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించడం, గుంజీలు తీయించడం, మొదటి పీరియడంతా బయట నిలబెట్టడం మనకు అలవాటైపోయింది. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, బయట నిలబెడితే పోయేది పాఠమే కదా. లేటైన పిల్లను నేరుగా తరగతిలోకి పంపండి. సంగతేమిటని ఇంటర్వెల్‌లో, పక్కకు పిలిచి, కూర్చోబెట్టి అడగండి. నెలలో అయిదారుసార్లు లేటయితే అది ఇంట్లోవాళ్లతో మాట్లాడాల్సిన విషయం.

ప్రార్థన సమావేశం గురించి రెండు మాటలు. రోజూ దేశమంతా బడుల్లో చెప్పే ప్రతిజ్ఞను రాసింది మన తెలుగువాడు. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉంటూ 1962లో దాన్ని తెలుగులో రాశారు. అందరినీ తోబుట్టువులుగా చూస్తాననీ, ప్రతివారితో మర్యాదగా ఉంటాననీ పిల్లలు ఉదయాన్నే చేయి చాచి చెబుతారు. అది చెప్పిన రెండు నిమిషాలకే, అదే మైకులో, యూనిఫాం లేనివాళ్లనూ ఫీజు కట్టనివాళ్లనూ ముందుకు పిలిస్తే ప్రతిజ్ఞకు అర్థమేముంది? ప్రైవేటు బడుల్లో ఈ ఫీజుల పిలుపు పిల్లల మనసును ఎంత కోస్తుందో చెప్పలేను. ఫీజు బాకీ పెద్దవాళ్లకూ పెద్దవాళ్లకూ మధ్య వ్యవహారం. అది పిల్ల చెవిన పడటానికే వీల్లేదు, తోటిపిల్లల చెవిన అసలే పడకూడదు.

ఇంకొకటి. ప్రతిజ్ఞ చెప్పించేదీ, వార్తలు చదివేదీ, సూక్తి చెప్పేదీ ఏడాదంతా ఆ నలుగురైదుగురు గట్టి గొంతు పిల్లలే అయితే మిగతావాళ్లు అసెంబ్లీలో కేవలం వరుసలు నింపేవాళ్లవుతారు. వారానికొక తరగతి చొప్పున బాధ్యత ఇచ్చి, ఆ తరగతిలో ప్రతి పిల్లకూ ఏదో ఒక పని దక్కేలా చూడండి. నత్తిగా మాట్లాడే పిల్లవాడు జెండా ఎగరేయవచ్చు, గంట కొట్టవచ్చు. కొన్నాళ్లకు వాడే వచ్చి వార్తలు చదువుతానంటాడు. అడిగేదాకా ఆగండి.

ఇక హాజరు. మన తరగతుల్లో చాలాచోట్ల పేర్లు పోయి నంబర్లు మిగిలాయి. ఒకటి, రెండు, మూడు అంటూ పరుగు. ఫేస్ స్కాన్ యాప్ వచ్చాక ఆ మాత్రం పిలుపు కూడా తగ్గింది. యాప్ పని యాప్‌ది. పేరు పెట్టి పిలిచి, తలెత్తి, పలికిన పిల్ల ముఖం చూడటం క్లాస్ టీచర్ పని. నలభై మంది ఉన్న తరగతిలో దీనికి పట్టేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో ఎవరి కళ్లు ఉబ్బి ఉన్నాయో, ఎవరికి జ్వరంగా ఉందో, ఎవరు రాత్రి నిద్రపోలేదో తెలుస్తుంది. పిల్లలను ఎలా పిలుస్తున్నామో కూడా చూసుకోవాలి. "ఒరేయ్ నల్లోడా", "ఏయ్ బండదానా" అని సరదాగానే పిలిచామనుకుంటాం. తరగతంతా నవ్వుతుంది. ఆ పిల్ల కూడా నవ్వుతుంది, నవ్వక ఏం చేస్తుంది? టీచరు నోట వచ్చిన పేరు పదో తరగతి దాకా ఆ పిల్లను వదలదు.

వీటన్నిటికన్నా లోతుగా దిగే దెబ్బ ఒకటుంది, అది వేస్తున్నామని మనకు తెలియను కూడా తెలియదు. స్కాలర్‌షిప్ వివరాలు పైకి పంపాలి. సమయం లేదు. టీచరు తరగతిలోకి వచ్చి "ఎస్సీలు లేచి నిలబడండి, ఇప్పుడు ఎస్టీలు, బీసీలు చేతులెత్తండి" అని లెక్క రాసుకుంటారు. అప్పటిదాకా పక్కపక్కన కూర్చుని ఒకే పెన్సిలు చెక్కుకున్న పిల్లలు ఆ రోజు ఒకరినొకరు కొత్తగా చూసుకుంటారు. ఆ వివరాలన్నీ ఆఫీసులో అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్నాయి. దాంట్లో చూసి రాసుకోవచ్చు. ఏదైనా తేలకపోతే ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడగవచ్చు. అరగంట ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. ఈ పుస్తకంలోని మిగతా సలహాలేవీ మీకు నచ్చకపోయినా ఈ ఒక్కదాన్ని రేపటి నుంచి పాటించమని అడుగుతున్నాను.

బడి నిజంగా ఒక కుటుంబంలా ఉందో లేదో తెలిసేది మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో ఈ భోజనం మొదలైంది. 2004లో అదే కోర్టు వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యమివ్వాలని చెప్పింది. అంటే ఈ పథకం ఆకలి తీర్చడానికి ఎంతగా పుట్టిందో, కలిసి కూర్చుని తినడం నేర్పడానికీ అంతగా పుట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దానికి డొక్కా సీతమ్మ గారి పేరుంది. కోనసీమలోని లంకల గన్నవరంలో, ఏ వేళప్పుడు ఎవరు తలుపు తట్టినా అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. ఆమె పేరు గోడ మీద రాసుకున్న బడిలో పిల్లలు కులాలవారీగానో వీధులవారీగానో గుంపులై కూర్చుంటే ఆ పేరుకు మనం చేసే న్యాయం ఏమిటి?

రుచి చూసినట్టు రిజిస్టర్‌లో సంతకం పెట్టడం వేరు, పిల్లల పక్కన కూర్చుని తినడం వేరు. వడ్డించే ముందు ఒక టీచరు రుచి చూడాలన్నది నిబంధన. దాన్ని నిబంధనగా మాత్రమే చూస్తే ఒక చెంచా పప్పు నోట్లో వేసుకుని వెళ్లిపోతాం. వారంలో రెండు రోజులైనా టీచర్లు అదే అన్నం, అదే సాంబారు పళ్లెంలో పెట్టించుకుని, పిల్లల బంతిలోనే, ప్రతిసారీ వేరే చోట కూర్చుంటే చాలా మారుతుంది. అన్నం మెత్తబడుతోందో, పప్పు పలచనైందో అక్కడే తెలుస్తుంది. ఫిర్యాదు పెట్టెలో ఎన్నడూ పడని మాటలు అక్కడ మాట్లాడుకుంటారు. ఏ పిల్ల ఒంటరిగా తింటోందో కనబడుతుంది. ఏ పిల్లవాడు గుడ్డు తినకుండా జేబులో పెట్టుకుంటున్నాడో కనబడుతుంది. అది ఇంట్లో చెల్లెలి కోసమైతే కసరకండి. రెండోరోజు ఆ ఇంటి సంగతి కనుక్కోండి.

తెత్సుకో కురొయానాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన తొత్తోచాన్ పుస్తకం తెలుగులో రైలుబడి పేరుతో మన టీచర్లలో చాలామందికి తెలుసు. ఆ తొమొయె బడి హెడ్మాస్టర్ కొబయాషి, కొత్తగా చేరడానికి వచ్చిన చిన్నపిల్ల మాటలను నాలుగు గంటలపాటు విన్నారని అందరూ చెప్పుకుంటారు. నాకు అంతకన్నా గొప్పగా తోచేది ఆయన మధ్యాహ్నం చేసిన పని. పిల్లల డబ్బాల్లో సముద్రం నుంచి వచ్చింది కొంత, కొండ నుంచి వచ్చింది కొంత ఉండాలన్నది ఆ బడి నియమం. ఆయన ఒక్కొక్కరి డబ్బా చూస్తూ తిరిగేవారు. ఏది లేకపోతే అది వెనకే గిన్నెలు పట్టుకుని వస్తున్న ఆయన భార్య వడ్డించేది. ఎవరి డబ్బాలో ఏది లేదో బయటపడినా ఎవరూ చిన్నబోయేవారు కారు, ఎందుకంటే లోటు కనబడిన మరుక్షణమే అది పూడిపోయేది. మన బడుల్లో ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకునే పిల్లలు ఒక మూల, బడిలో తినేవాళ్లు ఇంకో మూల కూర్చుంటారు. అందరినీ కలిపి కూర్చోబెట్టండి. క్యారేజీలో ఆవకాయ వచ్చిన రోజు అది నాలుగు పళ్లాల్లోకి వెళ్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

వంట చేసే మహిళల మాట మరవకూడదు. పిల్లలు వాళ్లను ఏమని పిలుస్తున్నారో వినండి. "ఏయ్, ఇంకొంచెం వెయ్" అంటున్నారంటే అది పిల్లలు పుట్టించిన మాట కాదు, పెద్దవాళ్ల దగ్గర విన్నదే. హెడ్మాస్టర్ గారు అందరి ముందూ "లక్ష్మమ్మగారూ, ఇవాళ పప్పు బాగుందండీ" అంటే చాలు, వారం తిరక్కముందే పిల్లల నోట "అమ్మా, ఇంకొంచెం పెట్టవా" అన్న మాట వస్తుంది. ఆయాకూ, అటెండర్‌కూ, ఊడ్చే మనిషికీ ఇదే వర్తిస్తుంది. అలాగే ఊడ్చే వంతు, మరుగుదొడ్డి దగ్గర నీళ్లు పోసే వంతు ఎప్పుడూ కొందరు పిల్లలకే పడుతోందేమో ఒకసారి జాబితా చూసుకోండి. వంతుంటే అందరికీ ఉండాలి, టీచర్లతో సహా.

ఇప్పుడు నేను ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమనుకునే క్షణానికి వస్తాను. మానేసిన పిల్ల మళ్లీ బడికొచ్చిన రోజు.

జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు, పల్నాడు, ఖమ్మం వైపు మిరప కోతలు. తల్లిదండ్రులు వెళ్తారు, వాళ్లతో పిల్లలు వెళ్తారు. పత్తి తీతలప్పుడూ అంతే. ఇటుక బట్టీలకు వెళ్లిన కుటుంబాల పిల్లలైతే నెలల తరబడి కనబడరు. ఇవి కాక జాతరలు, పెళ్లిళ్లు, చావులు, జ్వరాలు. పెద్దమనిషైన ఆడపిల్ల పదిహేను రోజులు రాదు. ఆ తర్వాత కూడా బడి మరుగుదొడ్లో నీళ్లు లేని నెలల్లో ప్రతి నెలా మూడురోజులు మానేస్తుంది. ఈ పిల్లలందరికీ తిరిగి రావడమే అతి పెద్ద పరీక్ష. నోట్సు లేదు, పాఠం ముందుకు పోయింది, తన చోట ఎవరో కూర్చున్నారు. అసలే భయంభయంగా గుమ్మం దగ్గర నిలబడితే మన నోట మొదట వచ్చే మాట, "ఏమ్మా, దారి మరిచిపోయావా?", "ఓహో, దొరగారు దయచేశారు!" తరగతి గొల్లుమంటుంది. ఆ నవ్వు విన్న పిల్ల మర్నాడు రావాలంటే ఎంత ధైర్యం కావాలి! చదువు మానేసిన పిల్లల గురించి ప్రభుత్వం ఎన్ని సర్వేలు చేసినా, ఒక పిల్ల బడి మానేసింది ఏ రోజని కచ్చితంగా అడిగితే, మానేసిన రోజు కాదు, తిరిగొచ్చిన రోజేనని నేననుకుంటాను.

ఏం చేయాలి? "వచ్చావా, రా తల్లీ, నీ కోసమే చూస్తున్నాం" అనడం మొదటిది. ఎందుకు మానేశావన్న ప్రశ్న ఆ రోజు వద్దు. మూడోరోజు, నాలుగోరోజు, మాటల మధ్యలో అదే బయటికొస్తుంది. ఆమె చోటు ఆమెకు ఇప్పించండి. నోట్సు ఇచ్చే స్నేహితురాలెవరో ముందే అనుకుని ఉంచండి. ప్రతి తరగతిలో ఇద్దరిద్దరు చొప్పున జతలు కట్టి, ఒకరు మానేస్తే రెండోవాళ్లు ఆ రోజు హోంవర్కు, పాఠం పేజీలు రాసి ఉంచాలన్న పద్ధతి పెడితే ఇది ఎవరూ గుర్తుచేయకుండానే జరిగిపోతుంది. ఆ వారంలో వచ్చే స్లిప్ టెస్టులో ఆమె మార్కులు పైకి చదవకండి. ఇంకా ముందే చేయాల్సిన పని ఒకటుంది. పిల్ల రెండోరోజు రాకపోతే ఫోను చేయడం. "అమ్మా, పాప బడికి రాలేదు, ఒంట్లో బాగుందా?" అంటే చాలు. రావాలి కదా, అటెండెన్స్ తగ్గుతుంది కదా అని మొదలుపెడితే అవతలివాళ్లు ఫోను పెట్టేస్తారు, మళ్లీ ఎత్తరు.

తరగతి లోపల జరిగేవాటి గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను, అవి వేరే అధ్యాయం. ఒక్కటి మాత్రం. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో, తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లలను కొత్తగా ఒకే బడిలో కలిపినప్పుడు గొడవలు మొదలయ్యాయి. ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులోని ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క ఇచ్చాడు. ఎవరి ముక్కను వారే మిగతావాళ్లకు చెప్పాలి. ఎవరి ముక్క లేకపోయినా పాఠం పూర్తి కాదు. నిన్నటిదాకా వెక్కిరించిన పిల్లవాడి మాటను ఇవాళ చెవులు రిక్కించి వినాల్సి వచ్చింది. మన సాంఘికశాస్త్రం పాఠాలు దీనికి చక్కగా సరిపోతాయి. కోయ, గోండు, లంబాడీ, సవర ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలున్న తరగతిలో, అడవి, పంట, సంత గురించి చెప్పే ముక్కను వాళ్లకివ్వండి, వాళ్ల మాటలతో సహా చెప్పనివ్వండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు పెట్టుకున్న ఆశ కూడా ఇదే, పిల్ల తన భాషకు సిగ్గుపడేలా బడి చేయకూడదని.

పిల్లలు టీచర్ల మధ్య ఉన్నదాన్ని కూడా చదువుతారు. ఇద్దరు టీచర్లు మాట్లాడుకోవడం లేదంటే ఆ సంగతి ఆరో తరగతి పిల్లలకు స్టాఫ్‌రూమ్ కంటే ముందే తెలుస్తుంది. షికాగో ప్రాథమిక పాఠశాలలను ఏళ్ల తరబడి గమనించి ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ 2002లో ఒక పుస్తకం తెచ్చారు. టీచర్లూ, ప్రిన్సిపాలూ, తల్లిదండ్రులూ ఒకరినొకరు నమ్మే బడుల్లోనే చదువు మెరుగుపడే అవకాశం ఎక్కువని వాళ్లు చూపించారు. ఆ నమ్మకం పుట్టేది సమావేశాల్లో కాదు, రోజువారీ చిన్నచిన్న వ్యవహారాల్లో అన్నారు. సెలవు పెట్టిన టీచరు తరగతికి ఎవరు వెళ్తారన్న విషయం సణుగుడు లేకుండా తేలుతోందా? కొత్తగా వచ్చిన టీచరును భోజనానికి రమ్మని ఎవరైనా పిలిచారా? ప్రధానోపాధ్యాయులు తప్పు కనబడ్డప్పుడు పిల్లల ముందు అంటున్నారా, గదిలోకి పిలిచి అంటున్నారా? ఇవి చూసుకుంటే చాలు.

తల్లిదండ్రుల విషయానికి వస్తే, బడి నుంచి ఫోనంటే ఫిర్యాదేనని ప్రతి ఇంటికీ తెలుసు. ఆ అలవాటును మనమే తిరగేయాలి. క్లాస్ టీచరు రోజుకు ఒక ఇంటికి, ఒకటిన్నర నిమిషం, మంచి కబురు మాత్రమే చెప్పడానికి ఫోను చేస్తే నలభై ఇళ్లు రెండు నెలల్లో పూర్తవుతాయి. "మీవాడు ఇవాళ లెక్క తనే చేసి పక్కవాడికి చెప్పాడండీ" అంటే అవతల తండ్రి కాసేపు మాట్లాడలేడు. ఆ తండ్రే తర్వాత మీరు కష్టమైన విషయం చెప్పడానికి పిలిచినా వస్తాడు. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెప్పింది, అందులో తీర్మానాల మీద సంతకాలు పెట్టడానికి తప్ప నోరు విప్పని తల్లులు మాట్లాడేది కూడా ఇలాంటి ఫోన్ల తర్వాతే. వాట్సాప్ గ్రూపులో మార్కుల జాబితాలు పెట్టకండి. మంచిదైనా చెడ్డదైనా ఒక పిల్ల సంగతి ఆ పిల్ల ఇంటికే వెళ్లాలి.

ఇదంతా గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు, అందుకే ఒక వంద పేజీల నోటుబుక్కు తీసుకోండి. ఒక్కో పిల్లకు రెండు పేజీలు. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు ఫోనెత్తుతారు, ఏ నెలలో ఊరు వెళ్తారు, దేన్ని చూస్తే భయం, ఎవరితో స్నేహం, ఏం చేస్తే ముఖం వెలుగుతుంది. ఆధార్ నంబర్లూ కులం వివరాలూ ఇందులో వద్దు, వాటికి ఆఫీసు ఉంది. శుక్రవారం సాయంత్రం పేజీలు తిప్పితే, వారమంతా మీరు ఒక్క మాటైనా మాట్లాడని పిల్లలెవరో తెలుస్తుంది. సోమవారం గుమ్మం దగ్గర ముందు వాళ్ల పేర్లే పిలవండి. వేసవిలో బదిలీ ఉత్తర్వు వస్తే రిలీవయ్యేలోపు ఆ పుస్తకాన్ని మీ చోటికి వచ్చే టీచరు చేతికివ్వండి, వాళ్లింకా చేరకపోతే హెడ్మాస్టర్ గారికివ్వండి. రెండు పేజీలు నిండని పిల్లల పేర్ల కింద గీత గీసి, వీళ్ల గురించి నాకు పూర్తిగా తెలియలేదు, వీళ్లతో మొదలుపెట్టండి అని ముందు పేజీలో రాయండి.